కళ్ళు తెరవని అమ్మవారికి పన్నెంత?

నంద్యాలలో ముప్పై ఏళ్ళ పైచిలుకు వ్యాపారుల పన్నులు చూసి, కిందటేడు ఆఫీసు బోర్డు దించేశాను. ఇక ఎవరూ పలకరించరేమో అనుకున్నాను గానీ ఫోను మోగుతూనే ఉంది. కాకపోతే ఇప్పుడు అడిగేది పన్ను గురించి కాదు, చదువు గురించి. బీకాం అయిపోయిన పిల్లలు ఎవరి దగ్గరో నా నంబరు సంపాదించి, "మేడం, మీరు ట్యాక్సేషన్‌లో పీజీ చేసినారంట గదా. మమ్మల్ని చేయమంటారా, వద్దంటారా?" అని అడుగుతారు. మొన్న ఆళ్ళగడ్డ నుంచి ఒకమ్మాయి ఇంకాస్త సూటిగా, "అంత వయసులో చదివి మీకేం ఒరిగింది మేడం?" అంది.

అడిగిన తీరు నాకు నచ్చింది. ఫోనులో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. జీతం ఎంత పెరుగుతుంది, ఏ పదవి వస్తుంది అని చూసేవాళ్ళు ఈ పేజీ తిప్పేయవచ్చు. నాకు జీతం ఇచ్చేవాళ్ళే లేరు, ప్రమోషన్ ఎవరిస్తారు? నా ఆఫీసుకు నేనే మేనేజర్ని, పొద్దున్నే వచ్చి ఊడ్చేదాన్ని కూడా నేనే.

సుబ్బరాయుడు గారి ఉగ్గాని

నేను పని నేర్చుకున్నది సుబ్బరాయుడు గారి దగ్గర. సేల్స్ ట్యాక్స్ రోజుల నుంచీ నంద్యాలలో ప్రాక్టీసు చేసిన మనిషి. బియ్యం అంగడి పైన ఒక గది, అందులో నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను. ఫ్యాను ఎటు తిప్పినా గాలి ఆయనకే తగిలేది, ఆ కిటుకేమిటో మాకు చివరిదాకా అంతుపట్టలేదు.

వ్యాపారి వచ్చి "సార్, దీనికి పన్నెంత?" అంటే ఆయన చచ్చినా వెంటనే చెప్పేవారు కాదు. "సరుకు చూడల్ల" అని లేచి చెప్పులు వేసుకునేవారు. ఒకసారి బస్టాండు దగ్గరి హోటలాయన వచ్చాడు. బొరుగుల మీద, అంటే మరమరాల మీద, పన్ను లేదు, ఉగ్గాని చేసేది బొరుగులతోనే, కాబట్టి ఉగ్గానికీ పన్ను ఉండకూడదని ఆయన వాదన. సుబ్బరాయుడు గారు నన్ను వెంటబెట్టుకుని నేరుగా హోటలు వంటింట్లోకి వెళ్ళారు. వంటమనిషి బొరుగులు నీళ్ళలో తడిపాడు, పిండాడు, తాళింపులో వేశాడు, పైన పుట్నాల పొడి చల్లాడు. అంతా చేతులు కట్టుకుని చూశాక ఆయన అన్నారు:

"తడిపినా బొరుగులే, పిండినా బొరుగులే. తాళింపులో పడినాక ఉగ్గాని. దానికి పన్ను కట్టల్ల. ఇప్పుడు రెండు ప్లేట్లు పెట్టించప్పా."

ఒక ప్లేటు నాకే అనుకున్నాను. రెండూ ఆయనే తిన్నారు. ఆ కేసుకు ఫీజూ అదే.

సరుకును కళ్ళతో చూడకుండా నోరు విప్పకూడదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈ రోజుకూ అంతకన్నా మంచి అలవాటు నాకు తెలియదు. అయితే ఆయనలో ఒక లోపం కూడా ఉండేది. "ఎందుకు సార్?" అని అడిగితే, "అట్లే ఉంటాది లేమ్మా" అనేవారు. పాతికేళ్ళు తిరిగేసరికి నేనూ నా దగ్గరికి వచ్చే పిల్లలకు అదే జవాబు చెప్పడం మొదలుపెట్టాను.

యాభై నాలుగేళ్ళకు మళ్ళీ బెంచీ

ఇంతలో జీఎస్టీ వచ్చింది. నేను కంఠతా పట్టిన సెక్షన్లన్నీ ఒక్క రోజులో పాత సామాను కిందకు పోయాయి. మీసాలు రాని కుర్రాళ్ళూ నేనూ ఒకే వరసలో నిలబడ్డాం, అందులోనూ వాళ్ళ చేతుల్లో ఫోన్లు నాకన్నా చురుగ్గా కదిలేవి. రెండు నెలలు ఉడుక్కున్నాను. తర్వాత వెళ్ళి ట్యాక్సేషన్ పీజీలో చేరాను. క్లాసులు ఆదివారాల్లో, మా ఊళ్ళోనే ఒక కాలేజీలో.

మా ఇంటాయన ఫీజు రసీదు అటూ ఇటూ తిప్పి చూసి, "ఫెయిలైతే బంధువులకు నేనేమని చెప్పల్ల?" అన్నాడు. అప్పటికి పని మానేసి ఇంట్లో ఉన్న సుబ్బరాయుడు గారి ఆశీర్వాదం కోసం వెళ్తే, "పట్టా చూపిస్తే పన్ను తగ్గిస్తారా పద్మమ్మా?" అని నవ్వారు. అయినా వచ్చేటప్పుడు చేతిలో ఒక పెన్ను పెట్టారు.

పాఠం చెప్పే మూర్తిగారిది కాకినాడ వైపు. ఎంత తిట్టినా 'అండీ' తగిలించే మనిషి. మొదటి పరీక్షలో అన్ని ప్రశ్నలకూ ఒక్కో వాక్యంలో సరైన జవాబు రాశాను. మార్కులు చూస్తే గొర్రె తోకంత. ఆయన నా పేపరు ఎత్తి పట్టుకుని, "సమాధానాలన్నీ సరైనవేనండీ. 'ఎందుకు' అన్నది మాత్రం ఒక్కదానికీ రాయలేదు" అన్నారు.

"ఎందుకంటే ఏముంది సార్, మేము ఆఫీసులో అట్లే చేస్తాం" అన్నాను.

క్లాసంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది నా పక్కన కూర్చున్న ఇంతియాజ్. అతనూ నంద్యాల కుర్రాడే. వాళ్ళ నాయన టైలరు. పరీక్ష రాసి జీఎస్టీ ఆఫీసరు అయ్యి, చాగలమర్రి దగ్గర హైవే మీద బండ్లు తనిఖీ చేసే డ్యూటీలో ఉండేవాడు. ఆదివారం బెంచీ మీద నన్ను 'అక్కా' అనేవాడు, నా నోట్సు చూసి రాసుకునేవాడు. సోమవారం ఏదైనా పని మీద వెళ్తే 'మేడం' అనేవాడు, నేను నిలబడేదాన్ని. ఈ ఏర్పాటు మీద మా ఇద్దరికీ ఏ ఫిర్యాదూ లేదు.

ఇక్కడ పిల్లలకు ఒక మాట సూటిగా చెప్పాలి. రిటర్ను వేయడం, పోర్టల్ మొరాయిస్తే బతిమాలడం, నోటీసు వచ్చి వణికిపోతున్న వ్యాపారికి కాఫీ ఇప్పించి కూర్చోబెట్టడం, ఇవేవీ పీజీలో నేర్పరు. వాటి కోసమే అయితే ఫీజు దండగ, ఎవరి ఆఫీసులోనైనా ఆరు నెలలు కూర్చోండి. పీజీలో నేర్పింది వేరే. అదేమిటో చెప్పాలంటే నేను ఘనంగా గెలిచిన వాదన గురించి చెప్పాలి.

ఘన విజయం

మూర్తిగారికి ఒక పద్ధతి ఉండేది. ఎవరు ఏ పక్షమో వాళ్ళను దానికి ఎదురు పక్షంలో నిలబెట్టి వాదించమనేవారు. ఇంతియాజ్ వ్యాపారి తరఫున, నేను ప్రభుత్వం తరఫున. పూర్తికాని వస్తువును పూర్తయిన వస్తువుగా లెక్కగట్టవచ్చా అనేది ఆ రోజు అంశం. ఉదాహరణ మమ్మల్నే తెచ్చుకోమన్నారు.

నా దగ్గర బంగారం లాంటి ఉదాహరణ ఉంది. ఆళ్ళగడ్డ శిల్పి నాగలింగాచారి నాకు పాత క్లయింటు. ఆళ్ళగడ్డలో విగ్రహాన్ని అంతా చెక్కుతారు గానీ కళ్ళు మాత్రం అక్కడ తెరవరు. విగ్రహం ఊరు చేరాలి, నీళ్ళలో ఉంచాలి, ప్రతిష్ఠ రోజు ఉదయం శిల్పే వెళ్ళి తెర చాటున కంటిపాప చెక్కాలి. అప్పటిదాకా అది పూజకు పనికిరాదు. విగ్రహానికి ఒక పన్ను, మామూలు చెక్కుడు రాయికి అంతకన్నా ఎక్కువ పన్ను. మరి రోడ్డు మీద పోతున్నప్పుడు అది ఏది?

రాయే అని వాదించాను. శిల్పులే దాన్ని దేవత అనడం లేదు కదా అన్నాను. చివర్లో సుబ్బరాయుడు గారి ఉగ్గాని తీశాను. తాళింపులో పడనిది ఉగ్గాని ఎట్లా కాదో, కళ్ళు తెరవనిది అమ్మవారు అట్లా కాదు అన్నాను. చప్పట్లు కొట్టారు. పాపం ఇంతియాజ్ రెండు ముక్కలు మాట్లాడి కూర్చుండిపోయాడు. మూర్తిగారు చిన్నగా నవ్వి, "భలే వాదించారండీ. వచ్చే వారం రోడ్డు మీద ఆఫీసరు అధికారం ఎంతవరకో చదువుదాం. అప్పుడు మళ్ళీ దీనికే వద్దాం" అన్నారు.

ఆ రాత్రి మా ఇంటాయన ఆ వాదనంతా రెండుసార్లు వినాల్సి వచ్చింది. వచ్చే వారం క్లాసుకు నేను వెళ్ళాను. ఇంతియాజ్‌కు డ్యూటీ పడి రాలేదు.

చాగలమర్రి రోడ్డు

ఆ తర్వాతి శనివారం భోజనం చేసి లేస్తుండగా నాగలింగాచారి ఫోను చేశాడు. అమ్మవారి విగ్రహం తీసుకుని మినీ లారీలో కడప జిల్లాలోని ఒక పల్లెకు పోతున్నాడు.

"అమ్మా, చాగలమర్రి కాడ బండి ఆపేసినారు. బిల్లు సరిగ్గానే ఉండాదంట. కానీ ఇది దేవర కాదంట, రాయంట."

"ఎవరన్నారు ఆచారీ?"

"ఇంతియాజ్ సారంట. ఎవురో పెద్ద లాయరమ్మ క్లాసులో ఇడమరిచి చెప్పినాదంట."

నా వాదన నా క్లయింటు మీదికే వచ్చింది. పైగా ఆ పిల్లవాడు పరమ నిజాయితీపరుడు. ఎవరితోనో మాట్లాడించి తప్పించుకునే దారి కూడా లేదు.

"పొద్దు గుంకే లోపల దేవరను నీళ్ళలో పెట్టల్లమ్మా," అన్నాడు ఆచారి. "రేపు పొద్దున్నే ముహూర్తం. ఊరంతా ఒక్కపొద్దు ఉండారు. ఇది తప్పితే మళ్ళా నా చేతి విగ్రహం ఎవురూ అడగరు. మా నాయన పేరు కూడా నాతోనే పోతాది."

దొరికిన బస్సెక్కాను. ఆళ్ళగడ్డ దాటేదాకా నాకు నేనే ఎదురు వాదించుకుంటూ వెళ్ళాను. ప్రతిసారీ క్లాసులో వాదించిన నేనే గెలుస్తున్నాను. వాదన మరీ బాగా చేయడంలోనూ నష్టం ఉంటుందని ఆ బస్సులోనే అర్థమైంది.

దిగేసరికి రోడ్డు పక్కన మినీ లారీ, దాని ముందు జీపు. విగ్రహం చుట్టూ వరిగడ్డి, గడ్డిలోంచి నల్లరాతి ముఖం. ముక్కు, పెదవులు, ముక్కెర అన్నీ ఉన్నాయి. కళ్ళ చోట మాత్రం నున్నటి రాయి.

"రాండి మేడం" అన్నాడు ఇంతియాజ్. ఆదివారం కాదు కదా. "మీ ఉగ్గాని మాట నాకు బాగా పట్టింది మేడం. బిల్లులో కూడా 'కళ్ళు తెరవవలసి ఉంది' అని రాసుండాది. చూడంగానే మీరే గుర్తొచ్చినారు."

ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. బిల్లులో ఆ మాట దాపరికం లేకుండా రాయమని ఆచారికి చెప్పిందీ నేనే.

"అది క్లాసప్పా. సర్కారు తరఫున మాట్లాడమన్నారు, మాట్లాడినా."

"అయితే అబద్ధం చెప్పినావా అక్కా?"

"అబద్ధం యాడిదప్పా?"

"నిజమైతే ఇది రాయే గదా మరి."

ఇంతలో నాగలింగాచారి లారీ మీద నుంచి దిగాడు. పెద్ద మనిషి, అప్పటిదాకా ఓపిక పట్టాడు.

"మీ ఇద్దరి చదువు నాకొద్దు సారూ. తక్కువైంది కండ్లే గదా. ఉలి ఉండాది, ఈడనే తెరుస్తా. కాకుంటే తొలిచూపు శానా తీక్షణం. ఊర్లో అయితే ఎదురుగా అద్దం పెడ్తాం. ఈడ అద్దం లేదు. అడిగినోడివి నువ్వే కాబట్టి నువ్వే నిలబడల్ల."

జీపు డ్రైవరు చప్పుడు చేయకుండా రెండడుగులు పక్కకు జరిగాడు. ఇంతియాజ్ మాత్రం కదల్లేదు.

"నా మీద పడితే పడనీలే పెద్దాయనా. జీపు గవర్నమెంటుది. దానికేమన్నా అయితే నేను ఎక్స్‌ప్లనేషన్ రాసియ్యల్ల."

ఆచారికే నవ్వొచ్చింది. డ్రైవరు నిజంగానే జీపును వెనక్కి తీశాడు.

ఆ నవ్వులో నాకు కాస్త ఊపిరి ఆడింది. అది విగ్రహమా రాయా అన్న ప్రశ్నను పట్టుకుని వేలాడినంతసేపూ నేను ఓడిపోతాను. ఆ ప్రశ్నను వదిలేశాను.

"ఇంతియాజ్, పోయిన వారం నువ్వు క్లాసుకు రాలేదు. ఏం చెప్పినారో వింటావా?"

విన్నాడు. రోడ్డు మీద చూడాల్సింది బిల్లుందా, బిల్లులో ఉన్న సరుకే బండిలో ఉందా, ఏదైనా దాచారా అని. ఇక్కడ అన్నీ ఉన్నాయి, దాచింది లేదు. అనుమానమల్లా ఏ రేటు కట్టాలన్నదాని మీదే. అది ఆచారి పన్నులు చూసే ఆఫీసరు రెండు పక్షాలనూ కూర్చోబెట్టి విని తేల్చాల్సిన సంగతి. రోడ్డు మీది ఆఫీసరు తన అనుమానం రాసి అక్కడికి పంపాలి, బండిని వదలాలి. కోర్టులు ఆ మాట చెప్పాయి.

"నువ్వు వాళ్ళ మనిషివి గదక్కా. నీ మాట నేనెట్లా నమ్మల్ల?"

"నమ్మొద్దు. చదువుకో." పోయిన వారం క్లాసులో పంచిన తీర్పు కాగితాలు ఇంకా నా సంచిలోనే ఉన్నాయి, తీసి ఇచ్చాను.

అతను మూర్తిగారికి ఫోను చేశాడు. స్పీకరులో నాకూ వినపడింది. "మీరిద్దరూ ఇప్పుడు ఎదురెదురు పక్షాలండీ. నేను చెప్పకూడదు. చదవడం వచ్చు కదండీ మీకు" అని పెట్టేశారు.

ఇంతియాజ్ టీ అంగడి బల్ల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. ఎండ పసుపు రంగుకు తిరుగుతోంది. నా ప్రాక్టీసు మొత్తం మీద అంత కష్టమైన పని చేయలేదు, నోరు మూసుకుని కూర్చోవడం. ఇంకో మాట చెబుదామని రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చున్నాను. ఎదుటి మనిషి ఆలోచిస్తున్నప్పుడు మన మాట అడ్డమే.

ఆచారి విగ్రహం పక్కన గడ్డి సర్దుతున్నాడు. దగ్గరికి వెళ్ళి, "ఆచారీ, ఆ లాయరమ్మ నేనే" అన్నాను.

"తెలుసులేమ్మా. ఉగ్గానితో కేసులు వాదించేది నంద్యాలలో ఇంకెవురుండారు?" అన్నాడు, గడ్డి మీద నుంచి కళ్ళెత్తకుండా.

చివరికి ఇంతియాజ్ వచ్చాడు.

"అక్కా, నాకు ఇప్పటికీ అది రాయే అనిపిస్తాండాది."

"అనిపించనీ."

"కానీ ఆ మాట చెప్పాల్సింది నేను కాదు."

"కాదు."

"రేపు పైవాళ్ళు ఎందుకు వదిలినావంటే?"

"నీ కారణం నువ్వు రాసి, కింద సంతకం పెట్టప్పా. అంతకు మించి ఎవరి దగ్గరైనా ఏముంటాది?"

జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని ఒక పేజీ రాశాడు. రెండు చోట్ల కొట్టేసి మళ్ళీ రాశాడు. నన్నొక్క మాట అడగలేదు, నేనూ అటు తొంగిచూడలేదు. సంతకం పెట్టి, "పోనీ పెద్దాయనా, బేగా పో" అన్నాడు. లారీ కదిలింది. పొద్దు ఇంకా కొంచెం ఉంది.

ఆ కుర్రాడికి తర్వాత పైనుంచి ఒక మెమో రానే వచ్చింది. తన జవాబు తనే రాసుకున్నాడు, అది అక్కడితో ఆగింది. అసలు ప్రశ్న ఎవరి దగ్గరికి వెళ్ళాలో వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఆ ఆఫీసరు ఇరువైపులా విని, కొన్ని నెలల తర్వాత విగ్రహమేనని రాశారు. నాకు పట్టా వచ్చింది, సెకండ్ క్లాసులో. మా ఇంటాయన బంధువులకు ఫస్ట్ క్లాసని చెప్పాడు.

కాబట్టి ఆళ్ళగడ్డ అమ్మాయీ, నాకు ఒరిగింది ఇదీ. జవాబులు నాకు ముందే వచ్చు, సుబ్బరాయుడు గారి పుణ్యం. ఒక ప్రశ్న ఎవరు అడగాలి, ఎక్కడ తేల్చాలి అని చూడడం మాత్రం ఆ బెంచీ మీదే వచ్చింది. అది కావాలనుకుంటే చేరు. ఎదురు పక్షం వాడి పక్కన కూర్చునే చోటు దొరికితే ఇంకా మంచిది.

తెర బయట

చాగలమర్రిలో లారీ కదిలిన మర్నాడు, ఆదివారం, మా ఇద్దరికీ క్లాసులో హాజరు లేదు. ఆచారి రమ్మన్నాడని నేను ఆ పల్లెకు వెళ్ళాను. జనంలో ఒక మూల మామూలు చొక్కాలో ఇంతియాజ్ నిలబడి ఉన్నాడు. అతన్నీ పిలిచాడట.

గుడి ముందు పచ్చ తెర కట్టారు. లోపల ఆచారి, పూజారి, ఒక అద్దం. మిగతా ఊరంతా బయటే. ఆ కళ్ళ గురించి అంతంత వాదనలు చేసిన మా ఇద్దరికీ వాటిని తెరవడం చూసే యోగ్యత లేదు. రాయి మీద ఉలి తాకిన చప్పుడు, చాలా చిన్నది, వినిపించింది. కాసేపటికి ఇంకొకటి. పక్కనున్న ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంతియాజ్ నా వైపు వంగి గుసగుసగా అడిగాడు.

"అక్కా, ఇప్పుడు అమ్మవారేనా?"

"ఇప్పుడు అమ్మవారే."

"మరి నిన్న?"

"నిన్న ఏందనేది తేల్చే అధికారం నీకు లేదని నువ్వే రాసిచ్చినావు గదప్పా."

అతను నవ్వు ఆపుకోవడానికి తల దించుకున్నాడు. ఇంతలో తెర తీశారు. నాకు ఏడుపొచ్చింది. అతను చెయ్యి పట్టుకుని నన్ను ముందుకు, బాగా కనపడేచోటికి నడిపించాడు.